వాననీడలో తీర్థం

ఒక చోటు పవిత్రమని చెప్పుకునేటప్పుడు ఆ పవిత్రత ఆ చోటులోనే ఉందా, చూసేవాడి మనసులో ఉందా, లేక అక్కడికి తీసుకెళ్లి చూపించినవాడి మాటలో ఉందా అన్నది మతచింతనలో చాలా పాత ప్రశ్న. దట్టమైన అడవినో, బండలను కొట్టే సముద్రాన్నో చూసి వచ్చినవాళ్లు గుడికి పోయి వచ్చినట్టుందని అంటారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. పచ్చదనం, ఆగని నీరు, మనుషుల అలికిడి లేని నిశ్శబ్దం ఒక్కచోట ఎదురైతే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. అయితే ఆ దండం దేనికి? పచ్చదనానికే అయితే, అనంతపురం జిల్లా కణేకల్ దగ్గర హగరి నది ఒడ్డున మేటలు వేసిన ఇసుక ముందు నిలబడ్డ మనిషికి దండం పెట్టడానికి ఏమీ మిగలదు. పచ్చదనానికి కాకపోతే మరి దేనికన్నది తేల్చుకోవాలి.

వాన పుష్కలంగా పడే చోటు నుంచి మొదలుపెడితే ఈ ప్రశ్న స్పష్టమవుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు పడమటగా, ఒలింపిక్ ద్వీపకల్పం ఉంది. సియాటిల్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే చోట్లలో ఇదొకటి. 1938లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడి హో నది లోయలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వాన అంత ఉన్నా వేడి ఉండదు. అందుకే దీన్ని సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు. సిట్కా స్ప్రూస్, వెస్టర్న్ హెమ్లాక్ చెట్లు కొన్ని 70 మీటర్లు దాటి పెరుగుతాయి. మేపుల్ కొమ్మల మీద నాచు బారలు బారలుగా వేలాడుతుంటుంది.

దారి చూపేవాళ్లతో వెళ్లే ఒక్కరోజు యాత్ర ఎలా సాగాలో అక్కడ సముద్రం నిర్ణయిస్తుంది. ఆటుపోట్ల పట్టిక చూసి, నీరు వెనక్కి తగ్గే వేళకు ఒడ్డు చేరేలా అడవి నడకను ముందో వెనకో పెట్టుకుంటారు. అడవిలో అందరూ నడిచేది హాల్ ఆఫ్ మాసెస్ అనే బాట, దాదాపు 1.3 కిలోమీటర్లు. ఆ బాటలో గైడు తప్పకుండా ఆగే చోటు ఒకటుంటుంది. అక్కడ పడిపోయిన ఒక పాత చెట్టు మొద్దు మీద కొత్త చెట్లు వరసగా లేచి ఉంటాయి. నేలంతా నాచు, ఫెర్న్‌లు కమ్ముకుని ఉండటం వల్ల విత్తనానికి కింద వెలుతురు దొరకదు. మొద్దు మీద దొరుకుతుంది. మొక్క వేళ్లు మొద్దును చుట్టుకుని నేలలోకి దిగుతాయి. వందల ఏళ్లకు మొద్దు పూర్తిగా చివికిపోయాక ఆ వేళ్ల మధ్య మనిషి దూరేంత ఖాళీ మిగులుతుంది, చెట్లు కాళ్ల మీద లేచి నిలబడ్డట్టు. మామూలుగా చూసి పోయేవాళ్లు ఆ ఖాళీని గమనించరు. ఎవరైనా చెప్పాక, కళ్లముందు లేని మొద్దు కూడా కనిపిస్తుంది.

తీరం వేరే రకం. రూబీ బీచ్, రియాల్టో బీచ్, లా పుష్ దగ్గర ఒడ్డు నుంచి తెగి సముద్రంలో ఒంటరిగా నిలిచిన రాతి స్తంభాలుంటాయి. నదులు మోసుకొచ్చిన మహావృక్షాల మొద్దులు ఒడ్డంతా తెల్లబడి పడి ఉంటాయి. పెద్ద అల వస్తే ఆ మొద్దులే లేచి మనిషిని నలిపేస్తాయి కాబట్టి పోటు సమయంలో వాటి మీద నడవొద్దని బోర్డులు పెట్టారు. హో అడవిలోనే 2005లో గార్డన్ హెంప్టన్ అనే శబ్ద పరిశోధకుడు ఒక మొద్దు మీద చిన్న ఎర్రరాయి పెట్టి, ఆ ఒక్క చదరపు అంగుళం చోటునైనా యంత్రాల చప్పుడు నుంచి కాపాడాలని కోరాడు. గర్భగుడిలో మాట్లాడకూడదని ఎవరూ చెప్పకపోయినా గొంతు తగ్గించే అలవాటున్నవాళ్లకు ఆ కోరికను విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇలాంటి అనుభవాన్ని యూరప్ తత్వవేత్తలు 18వ శతాబ్దంలో బాగా తరచి చూశారు. 1757లో ఎడ్మండ్ బర్క్ అందాన్నీ మహోన్నతాన్నీ విడదీశాడు: అందం ప్రేమను పుట్టిస్తుంది, మహోన్నతం భయంతో కలిసిన ఆనందాన్ని పుట్టిస్తుంది. 1790లో ఇమాన్యుయేల్ కాంట్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. తుపానులో ఎగసే సముద్రం మహోన్నతం కాదు, అది భయంకరం మాత్రమే. దాన్ని చూస్తూ తన బుద్ధి ఆ బలానికి లొంగేది కాదని గ్రహించే మనసులోనే మహోన్నతం ఉందన్నాడు. అంటే చోటు ఒక నిమిత్తం, పవిత్రత చూసేవాడిది. కాంట్ దీనికి ఒక షరతు పెట్టాడు. చూసేవాడు క్షేమంగా ఉండాలి. ప్రాణభయంతో ఉన్నవాడికి పారిపోవాలనే ఉంటుంది, దండం పెట్టాలని ఉండదు. ఆ తర్వాతి శతాబ్దంలో అమెరికా అడవుల కోసం కలం పట్టిన జాన్ మ్యూర్ (1838–1914) అడవుల్ని, కొండల్ని దేవాలయాలుగా భావించి రాశాడు. జాతీయ ఉద్యానవనాల వెనకున్న భక్తిలో చాలా భాగం ఆయన చలవే.

కాంట్ పెట్టిన షరతును తేలిగ్గా తీసుకోకూడదు. సాయంత్రానికి వెనక్కి తీసుకెళ్లే బండి ఉన్నవాడికి కలిగే భక్తి వేరు, ఆ అల కిందే బతికేవాడికి కలిగే భక్తి వేరు. లా పుష్ ఊరు క్విలియూట్ జాతివాళ్లది. ఊరి ఎదుట నీళ్లలో నిలిచిన జేమ్స్ దీవిని వాళ్లు అకలత్ అంటారు. తమ నాయకుల్ని సమాధి చేసిన చోటు కాబట్టి అది వాళ్లకు పవిత్రం. సునామీ వస్తే ఊరు మునిగే ప్రమాదం ఉండటంతో 2012లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, ఉద్యానవనం భూమిలో కొంత ఎత్తైన నేలను వాళ్లకు బదిలీ చేసింది. మనిషి తాకని అడవి, మనిషి లేని ఒడ్డు అని యాత్రికుడు మురిసిపోయే చోటు నిజానికి ఒకరి ఊరు, ఒకరి శ్మశానం. అక్కడ పవిత్రత చూసేవాడి మనసులో పుట్టిందనే మాట సరిపోదు. తరతరాలుగా ఒక నేలతో పెట్టుకున్న బంధంలో పుట్టిందని చెబితే సరిపోతుంది.

భారతీయ సంప్రదాయం ఈ బంధానికి తీర్థయాత్ర అనే రూపమిచ్చింది. మహాభారతం వనపర్వంలో పాండవుల తీర్థయాత్ర ఒక పెద్ద భాగం. అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లాక దిగులుపడి ఉన్న ధర్మరాజుకు ముందు పులస్త్యుడి మాటగా తీర్థాల పట్టిక అందుతుంది. యజ్ఞాలు చేయడానికి సంపద కావాలి, సంభారాలు కావాలి, అవి రాజులకే సాధ్యం. పేదవాడు కూడా పొందగల ఫలం తీర్థయాత్రలో ఉందన్నది ఆ మాట సారం. దానికి ముందే ఒక నియమం వస్తుంది: చేతులు, కాళ్లు, మనసు అదుపులో ఉన్నవాడికే తీర్థఫలం. తర్వాత రోమశ మహర్షి వచ్చి దగ్గరుండి దారి చూపుతాడు. బయలుదేరే ముందు ధర్మరాజుకు ఆయన చెప్పే మొదటి మాట పరివారాన్ని తగ్గించుకొమ్మని. బరువు తగ్గితేనే నడక సాగుతుంది, నడక సాగితేనే కళ్లు తెరుచుకుంటాయి.

రోమశుడు చేసే పని గమనించదగ్గది. ఒక నది కనబడగానే అది ఎవరి కథతో ముడిపడిందో చెబుతాడు. అగస్త్యుడు, ఋష్యశృంగుడు, చ్యవనుడు, అష్టావక్రుడు, వీళ్ల కథలన్నీ అలా దారి పక్కనే దొరుకుతాయి. రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రామలక్ష్మణుల్ని సరయూ ఒడ్డు నుంచి మిథిల దాకా నడిపించేటప్పుడూ ఇదే జరుగుతుంది. పిల్లలు దారిలో కనబడ్డ ప్రతి అడవిని, ప్రతి ఆశ్రమాన్ని చూపించి ఇదేమిటని అడుగుతారు, ఆయన చెబుతాడు. ఒకప్పుడు పచ్చగా బతికిన జనపదాలు తాటక వల్ల పాడుబడి అడవిగా మారాయని కూడా దాచకుండా చెబుతాడు. ఆ కథలన్నీ తీసేస్తే మిగిలేది ఒట్టి దూరం. తీర్థంలో గురువు స్థానం ఇక్కడుంది: చోటుకు పవిత్రతను ఆయన కొత్తగా అంటగట్టడు, చోటుకు జరిగినదాన్ని మరుగున పడకుండా చూస్తాడు.

తెలుగులో ఈ చూపుకు మంచి ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి పోయి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. దేవుళ్ల మహిమలతో పాటు మజిలీ మజిలీకీ బావి ఉందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దారి రాళ్లదా రేగడిదా అని ఆయన రాసిపెట్టాడు. భక్తి గల మనిషి బావి లోతును పట్టించుకోవడం భక్తికి లోపం కాదని ఆ పుస్తకం చదివితే నమ్మకం కుదురుతుంది.

ఇక వానకొండకు రెండో వైపు చూడాలి. హో లోయలో 3,500 మిల్లీమీటర్లు కురిపించే పసిఫిక్ మేఘాలు ఒలింపిక్ కొండలెక్కి దిగేసరికి ఉత్తచేతులతో మిగులుతాయి. కొండలకు ఈశాన్యంగా ఉన్న సీక్విమ్ పట్టణంలో ఏడాదికి 400 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఒకే కొండ, ఒకే గాలి. ఒకవైపు నాచు, రెండోవైపు ఎండు గడ్డి. భూగోళశాస్త్రం ఈ రెండో వైపును వర్షచ్ఛాయా ప్రాంతం అంటుంది. కణేకల్ పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి ఆగుంబె దగ్గర ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిపించి, కొండ దిగి తూర్పుకు వస్తుంది. అనంతపురం జిల్లాకు వచ్చేసరికి ఏడాది మొత్తానికి దక్కేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య ఋతుపవనమూ ఇంత లోపలికి వచ్చేలోపు బలం కోల్పోతుంది. గాలికి మాత్రం కొదవలేదు. ఆ గాలికే జిల్లా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి.

కణేకల్‌కూ వర్షారణ్యానికీ ఉన్న బంధం గాలితో ఆగదు, నది రూపంలోనూ ఉంది. ఊరి పక్కన పారే హగరిని ఎగువన వేదవతి అంటారు. కర్ణాటకలో చిక్కమగళూరు దగ్గరి బాబాబుడన్ కొండల్లో వేద, అవతి అనే వాగులుగా పుట్టి, కలిసి, ఈశాన్యంగా పారి, బళ్లారి జిల్లాలో తుంగభద్రలో కలుస్తుంది. ఆ కొండల ఎత్తైన లోయల్లో శోల అడవులున్నాయి. 1968లో ఛాంపియన్, సేఠ్ చేసిన భారతీయ అడవుల వర్గీకరణ శోలలను దక్షిణాది పర్వత సమశీతోష్ణ తేమ అడవుల కింద చేర్చింది. చల్లగా, పొట్టిగా, నాచు పట్టిన చెట్లతో ఉండే ఆ అడవి హో లోయకు దక్షిణ భారతంలో దొరికే దగ్గరి చుట్టం. అక్కడి గుహను హిందువులు దత్తాత్రేయ పీఠంగా, ముస్లింలు బాబాబుడన్ దర్గాగా కొలుస్తారు. హగరి రెండు మతాలవాళ్లూ మొక్కే కొండ మీద పుట్టి, వాన పడని నేలకు దిగి వస్తుంది.

దిగి వచ్చే దారిలో ఆ నీళ్లు ఆగిపోతాయి. మైసూరు సంస్థానం కాలంలో మారికణివె దగ్గర కట్టిన వాణీ విలాస సాగరం 1907లో పూర్తయింది. ఇవతల, రాయదుర్గానికి ఎగువన, భైరవానితిప్ప ఆనకట్ట 1961లో పూర్తయింది. వాన తగ్గిన ఏళ్లలో ఈ రెండింటికే నీళ్లు చాలవు, దిగువకు వదిలేది ఇంకెక్కడ! ఏడాదిలో ఎక్కువ రోజులు ఏరు ఎండి ఇసుక బయటపడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఆ ఇసుకను లేపి ఒడ్డు పొలాల మీద పోస్తుంది. కణేకల్, బొమ్మనహాళ్ మండలాల్లో, మాల్యం, గోవిందవాడ వైపు, ఇలా ఏర్పడ్డ దిబ్బల్ని చూసినవాళ్లు రాజస్థాన్ అనుకుంటారు. కొండకు అవతల అడవికి ప్రాణం పోసిన గాలే ఇవతల చేను మీద ఇసుక కప్పుతోంది. అవతలి వైపుకే దండం పెట్టి వచ్చినవాడు ఆ గాలిని సగమే చూసినట్టు.

హో లోయకు ఉన్నట్టు కణేకల్‌కు యాత్రాస్థలంగా పేరు లేదు. అయినా గైడు వెంట ఉంటే ఒక్కరోజు నడకకు అక్కడ సరిపడా ఉంది. నడవడానికి గాలి తగ్గిన కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పొద్దున్నే చెరువు కట్ట మీంచి మొదలుపెడితే ముందు కనబడేది వరి. తుంగభద్ర ఎగువ కాలువ ఈ మీదుగానే పోతుంది కాబట్టి కాలువ నీళ్లందే పొలాలు పచ్చగా ఉంటాయి. ఆ నీళ్లు కూడా పడమటి కనుమల్లో పడ్డ వానే. కొండ ఇవ్వనిదాన్ని మనుషులు కాలువ తవ్వి తెచ్చుకున్నారు. ఆయకట్టు దాటి ఏటి వైపు పోయేకొద్దీ వరి పోయి శెనక్కాయ చేలు, అవీ పోయి తుమ్మ, జిల్లేడు, వెంపలి వస్తాయి. ఆ తర్వాత ఇసుక.

దిబ్బకు గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఎక్కడం సులువు. గాలికి చాటైన వైపు నిటారుగా ఉండి, అడుగు పెడితే జారుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండలో ఇసుక మీద అలలు తేటగా కనబడతాయి. వంగి చూస్తే అల శిఖరాన ముతక రేణువులు, లోయలో సన్న ఇసుక పోగుపడి ఉంటాయి. బరువైనవాటిని గాలి దొర్లించి అక్కడ వదిలేసింది, తేలికవాటిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఏ వైపు గాలి వీచిందో, మొన్న వీచిందా నెల కింద వీచిందా అన్నది గొర్రెల కాపరులు ఆ గీతలు చూసి చెప్పగలరు. ఇసుకను ఆపడానికి నాటిన సరుగుడు వరసల మొదళ్ల దగ్గర ఇసుక ఎంత ఎత్తుకు లేచిందో చూస్తే, ఆ చెట్టు వయసులో ఆ పొలానికి ఏం జరిగిందో తెలుస్తుంది.

ఏటి నడుమకు వచ్చాక చూపించాల్సింది చెలమ. ఎండిన ఇసుకలో తేమ ఛాయ కనబడ్డ చోట రెండు చేతులతో ఇసుక తోడుతూ పోతే, మోచేతి లోతులో రంగు ముదురుతుంది, చల్లదనం తగులుతుంది. ఇంకొంచెం తవ్వితే గుంట అడుగున బురదనీళ్లు ఊరతాయి. ఆ నీళ్లు తాగరు. ముందు ఊరినవి చిప్పతోనో చెంబుతోనో రెండు మూడుసార్లు తోడి పారబోస్తారు. ఆ తర్వాత ఊరేవి తేరుకుని, అడుగున రేణువులు లెక్కపెట్టగలిగేంత స్వచ్ఛంగా ఉంటాయి. బిందె తొందరగా నింపాలని అంచులు కదిపితే ఇసుక జారి గుంట పూడిపోతుంది. చెలమ దగ్గర ఓపిక పట్టాల్సిందే. ఏరు చచ్చిపోలేదని, కిందికి దిగి పారుతోందని కళ్లకు కట్టేది ఈ గుంటే.

ఇక్కడ వనపర్వం మళ్లీ గుర్తుకొస్తుంది. రోమశుడు ధర్మరాజుకు చూపిన తీర్థాల్లో వినశనం ఒకటి. సరస్వతీ నది ఇసుకలో కలిసి కనబడకుండా పోయిన చోటది. ఆ వెంటనే చమసోద్భేదాన్ని చూపుతాడు. సరస్వతి తిరిగి పైకి కనబడేది అక్కడ. శల్యపర్వంలో బలరాముడి యాత్రలోనూ వినశనం ఉంది. నది అక్కడ ఎందుకు మాయమైందో చెప్పే మాటల్లో ఆనాటి కులద్వేషం ఉంది, దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది: నీళ్లు లేని నదీగర్భాన్ని ఆ సంప్రదాయం తీర్థాల జాబితాలోంచి కొట్టేయలేదు. నది పోయిన చోటే ఆగి, ఏం పోయిందో చెప్పుకుని, ముందుకు నడిచింది. పరశురాముడు క్షత్రియుల రక్తంతో నింపాడని చెప్పే శమంతపంచక మడుగులు కూడా తీర్థాలే అయ్యాయి. తీర్థం కావడానికి ఆ చోటు చెక్కుచెదరకుండా ఉండాలన్న నియమం లేదు. గాయపడ్డ చోటూ తీర్థమవుతుంది, ఆ గాయం కథ చెప్పేవాళ్లుంటే.

కరువు నేల మీది ఊళ్లు ఈ విషయాన్ని తమ ఆచారాల్లో నిలుపుకున్నాయి. చెరువు నిండి మరువ పారిన రోజు గంగమ్మకు పసుపు, కుంకుమ, గాజులు, చీర సమర్పిస్తారు. వానలు ముఖం చాటేసిన ఏడు కప్పకు పెళ్లి చేస్తారు. బండ మీద వరదపాయసం పోసి నాకుతారు. రాత్రిళ్లు విరాటపర్వం చదివిస్తారు. పాండవుల అజ్ఞాతవాసం ముగిసినట్టే దాక్కున్న వానా బయటికి రావాలని కాబోలు, ఆ పర్వమే చదివించే ఆనవాయితీ తెలుగునాట స్థిరపడింది. ఇందులో కాంట్ చెప్పిన క్షేమం లేదు. విత్తనం కొని, అప్పు తెచ్చి, ఆకాశం వైపు చూసే రైతుకు తన బుద్ధి ప్రకృతి బలాన్ని మించినదనే గర్వం కలగదు. అతనికి ఉన్నది మొక్కు. నువ్వు వస్తే నేనిది ఇస్తానని మాటిచ్చుకోవడం, వచ్చాక ఆ మాట నిలబెట్టుకోవడం. మహోన్నతాన్ని చూసి చలించడం కన్నా ఇది బరువైన భక్తి. ఇందులో మనిషి చూసేవాడుగా మిగిలిపోడు, బాకీపడ్డవాడవుతాడు.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం ఉమ్మడి అనంతపురం జిల్లా నేల నుంచే వచ్చింది. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన తీర్థాలు తిరిగేవాళ్లను, రాళ్లకు మొక్కేవాళ్లను సూటిగా నిలదీశాడు. మనసు మారకుండా కాళ్లరిగేలా తిరిగితే ఏమొస్తుందన్నది ఆయన ప్రశ్న. ఆయనకన్నా చాలా ముందటి జైనాచార్యుడు కుందకుందుడు. ఉరవకొండ దగ్గరి కొనకొండ్ల ఆయన ఊరని సంప్రదాయం. సమయసారంలో ఆయన వ్యవహార దృష్టి, నిశ్చయ దృష్టి అని రెండు చూపులను విడదీశాడు. వ్యవహారంలో బయటి వస్తువులు, వ్రతాలు, చోట్లు తోడ్పడవచ్చు. నిశ్చయంలో చూస్తే తెలుసుకునే ఆత్మ తప్ప తనదంటూ ఏదీ లేదు. భారతంలోనే, అనుశాసనపర్వంలో, సత్యం, ఓర్పు, ఇంద్రియనిగ్రహం వంటి మానసతీర్థాలను భీష్ముడు గొప్పగా చెబుతాడు. వీళ్లందరి మాటా కలిపి చూస్తే హో లోయకూ హగరి ఒడ్డుకూ, ఆ మాటకొస్తే కాశీకీ, తేడా లేదు. ఎక్కడికీ పోనక్కర్లేదు.

అయితే వేమన కాదన్నది మనసు పెట్టకుండా తిరగడాన్ని. నేలను పట్టించుకోవడాన్ని కాదు. మానసతీర్థంలో ఉన్న సత్యం, ఓర్పు, నిగ్రహం గాలిలో అభ్యసించేవి కావు. చెలమ దగ్గర ఓపిక, ఆటుపోట్ల పట్టిక దగ్గర నిగ్రహం, నది ఎందుకు ఎండిందో ఒప్పుకోవడంలో సత్యం, ఇవన్నీ ఒక చోటున నిలబడి నేర్చుకునేవే. కుందకుందుడు వ్యవహార దృష్టిని పరమసత్యంగా ఒప్పుకోకపోయినా, అది లేకుండా పరమార్థాన్ని బోధించలేమన్నాడు. ఆ లెక్కన అది నిశ్చయానికి చేర్చే మెట్టు. పచ్చదనం ఆ మెట్టును సులువు చేస్తుంది. పచ్చగా ఉన్నదాన్ని ప్రేమించడానికి సాధన అక్కర్లేదు. మోడు నేల ముందు మాత్రం మనిషి అడగాలి, వినాలి, ఒక లెక్క తెలుసుకోవాలి. ఆ కారణంగా మానసతీర్థానికి హో లోయ కన్నా హగరి ఒడ్డే దగ్గరి దారి అనడం తప్పు కాదు. పులస్త్యుడు పేదవాడికి తీర్థం అందాలన్నాడు. ఒలింపిక్ ద్వీపకల్పానికి వీసా, టికెట్ కావాలి. హగరికి రాయదుర్గం బస్సు చాలు.

అప్పుడు దారి చూపేవాడి బాధ్యత పెరుగుతుంది. హో లోయలో చెట్లే సగం చెబుతాయి. కణేకల్‌లో గైడు చెప్పకపోతే యాత్రికుడికి కనబడేది ఒట్టి ఇసుక, ఫొటోకు బాగుండే ఎడారి. ఫొటో ఎడారిగా మాత్రమే చూస్తే ఆ పొలం పోగొట్టుకున్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది. ఏ దిబ్బ కింద ఎవరి చేను ఉంది, బావి పూడకముందు ఎన్ని మట్ల లోతు, మారికణివె, భైరవానితిప్ప ఆనకట్టలు ఎవరికి నీళ్లిచ్చాయి, ఎవరికి ఆపాయి, సరుగుడు వరసలు ఎక్కడ నిలిచాయి, ఎక్కడ మేకలు మేసేశాయి, ఇవన్నీ చెప్పగలవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లే ఇక్కడి రోమశులు. బయటి నుంచి వచ్చిన పండితుడు ఆ పని చేయలేడు. ఆనకట్టల కథలో పాపాత్ముడు ఒక్కడే అని తేల్చేయడమూ కుదరదు. ఎగువ ఊళ్లవీ ఆకలి తీరాల్సిన కడుపులే. తాటక కథ చెప్పినంత సూటిగా ఈ కథ చెప్పలేం, అయినా చెప్పకుండా వదిలేయకూడదు.

తీర్థమని ఒప్పుకున్నాక ఇంకొక నియమం వెంట వస్తుంది, ధర్మశాస్త్రకారులు మళ్లీ మళ్లీ గుర్తుచేసేది: వేరేచోట చేసిన పాపం తీర్థంలో పోతుంది గానీ, తీర్థంలో చేసిన పాపం ఎక్కడా పోదు. హగరి తీర్థమైతే ఈ నియమం ముందు యాత్రికుడికి వర్తిస్తుంది. సరుగుడు మొక్కల్ని తొక్కకుండా, తవ్విన చెలమను పశువులు తాగేలా వదిలి, ప్లాస్టిక్ సీసా వెనక్కి తెచ్చుకోవాలి. తర్వాత ఏటి ఇసుకను లారీల్లో తరలించేవాడికి వర్తిస్తుంది, ఎందుకంటే చెలమలో నీరు ఊరేది ఆ ఇసుక పొర మందంగా ఉన్నంతకాలమే. ఇసుక తోడేసిన ఏట్లో బండ తేలుతుంది, వచ్చిన వరద నిలవకుండా పోతుంది. ఆ తర్వాత ఎగువన తలుపులు ఎత్తి దించే అధికారికి, దిగువ ఏటికి ఏటా కొంతైనా నీరు వదలాలా వద్దా అని తేల్చే ప్రభుత్వాలకు వర్తిస్తుంది.